కడిగిన కారు, విసరిన గాలి

శుభ్రపరచుటలో తడుపుట సగము పని. ఆరబెట్టుట తక్కిన సగము. బియ్యము కడిగి పిండి కొట్టించు ఇల్లాండ్రకు ఈ సంగతి క్రొత్తగా చెప్పనక్కరలేదు. మోటారు కారు విషయమునను ఇదియే సత్యము. కడిగిన కారును తడితో అట్లే విడిచినచో నీరు ఆవిరియై పోవును గాని, అందు కరగియున్న లవణములు పోవు. అవి రంగుపై తెల్లని మచ్చలై నిలుచును. ఉప్పునీరు కాచిన గిన్నె అడుగున పేరుకొను తెల్లని పెచ్చు ఎట్టిదో ఈ మచ్చయు అట్టిదే. కావున నీటిబొట్టు తనంత తాను ఆరకముందే దానిని తొలగింపవలెను. ఈ చిన్న అవసరమునుండి ఒక పరిశ్రమయు, ఆ పరిశ్రమనుండి ఒక చిక్కు ప్రశ్నయు పుట్టినవి. ఆ కథను పాఠకులకు మనవి చేయుదుము.

అమెరికాలో కార్ల పరిశ్రమకు పెట్టినది పేరు డెట్రాయిట్ నగరము. కార్లను కడుగు వ్యాపారమునకును అదియే పుట్టినిల్లని చెప్పుదురు. 1914లో ఫ్రాంక్ మెకార్మిక్, జె. డబ్ల్యూ. హింకల్ అను ఇరువురు అచ్చట 'ఆటోమొబైల్ లాండ్రీ' అను శాలను తెరచిరి. బట్టల చాకిరేవు పేరునే కార్ల శాలకును పెట్టుట గమనింపదగినది. అందు యంత్రమేదియు లేదు. ఒకడు సబ్బు రుద్దును, ఒకడు నీరు పోయును, ఒకడు తుడుచును. అంతయు చేతిపని. తుడుచువారికి చిరకాలము తోడుగా నిలిచిన పరికరము షామీ తోలు. ఆల్ప్స్ కొండలలో తిరుగు ఒక మేకజాతి జంతువును బట్టి దానికాపేరు వచ్చినది. తరువాత గొఱ్ఱెతోలునే అట్లు మెత్తగా పదునుచేసి వాడసాగిరి. అది నీటిని పీల్చును. పిండినచో మరల పీల్చును.

ఆ దినములలో కారు పైపూత సామాన్యముగా వార్నిషు. పూతమీద పూత వేసి ఆరనిచ్చుటకు వారములు పట్టెడిది. ఫోర్డు కంపెనీవారు 1914 మొదలు 1925 వరకు తమ 'మోడల్ టి' కార్లకు నల్లరంగు ఒక్కటే వేసిరి. 1923లో డ్యూపాంట్ కంపెనీవారి డ్యూకో అను లాకరు, జనరల్ మోటార్స్‌వారి ఓక్లండ్ కార్లపైకి వచ్చినది. అది త్వరగా ఆరును, నానావర్ణములలో లభించును. రంగు వచ్చిన చోట మెరుపుపై మక్కువ వచ్చును. మెరుపుపై మక్కువ కలిగిన చోట చిన్న మచ్చయైనను కంటిలో నలుసగును. తుడుచువాని పని అంతకంతకు పెరిగినది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942 ఫిబ్రవరిలో, అమెరికాలో పౌరుల కొరకు కార్లు తయారుచేయుట ఆగిపోయెను. యుద్ధము ముగిసినంతనే కార్లు వెల్లువగా వీధులకెక్కినవి. 1946లో డెట్రాయిట్‌లోనే థామస్ సింప్సన్ అను నతడు సగము యంత్రముతోను, సగము మనుష్యులతోను నడచు కడుగుశాలను రూపొందించెను. కారును ముందుకు లాగుటకు ఒక వరుస గొలుసు, పైనుండి నీటిజల్లు, మీదను ప్రక్కలను రుద్దు బ్రష్షులు, కట్టకడపట 50 అశ్వశక్తుల గాలి యంత్రము. నేటి లెక్కలో ఇది సుమారు 37 కిలోవాట్లు. ఒక్క కారుపై తడి పోగొట్టుటకు ఏబది గుఱ్ఱములను పూన్చినట్లయినది! 1951లో సియాటిల్ నగరమున ఆండర్సన్ సోదరులు మనుష్యుల చేయి తగులకయే కారు కడిగి బయటికి పంపు శాలను నెలకొల్పిరి.

ఇంతకు ఈ గాలి చేయు పని యేమి? గాలి నీటిని ఆవిరిచేయునని పలువురు తలంతురు. లెక్క చూచిన నిజము బోధపడును. మరుగుచున్న ఒక లీటరు నీటిని పూర్తిగా ఆవిరిచేయుటకు సుమారు 540 కిలోకేలరీల వేడి కావలెను. మంచువలె చల్లనైన ఐదు లీటర్ల నీటిని మరుగుస్థితికి తెచ్చుటకును అంత వేడి చాలదా! నిమిషములో కారును దాటించు శాలలో ఇది సాధ్యముకాదు. కావున గాలి ప్రధానముగా నీటిని ఆవిరిచేయదు, త్రోసివేయును. మన రైతు కళ్ళములో తూర్పారబట్టునప్పుడు గాలి పొట్టును ఎండబెట్టుట లేదు గదా, గింజనుండి వేరుచేయుచున్నది. ఇచ్చటను అంతే. అందులకే ఈ యంత్రములలో పెక్కింటికి గాలిని ప్రత్యేకముగా వేడిచేయవలసిన పనిలేదు.

అయితే బొట్టు తేలికగా కదలదు. లోహమును అంటిపెట్టుకొని యుండును. మైనము పూసిన కారుపై మాత్రము అది తామరాకు మీది నీటివలె గుండ్రముగా నిలిచి, చిన్న విసురుకే జారిపోవును. కడుగుశాలలవారు చివరి జల్లులో ఒక ద్రావకమును కలుపుటకు కారణమిదియే. గాలి సగము పని చేయును. ఆ పూత తక్కిన సగము పని చేయును.

గాలి పుట్టించు చక్రముయొక్క సూత్రము మిగుల పాతది. రెక్కల చక్రము తిరుగుచు నడుమనుండి గాలిని లోనికి తీసికొని అంచులకు విసరివేయును. నత్తగుల్లవంటి గూడు దానిని ఒకే నోటినుండి వెలువరించును. గనులలోనికి గాలి పంపు రెక్కల యంత్రములను గూర్చి అగ్రికోలా పండితుని గ్రంథము 1556లోనే వర్ణించినది. గనిలోని కూలికి ఊపిరి పోయుటకు మనిషి చేసిన ఉపాయము, నాలుగు శతాబ్దములకు కారు మెరుపునకు అక్కరకు వచ్చినది.

ఇక చిక్కు ప్రశ్నకు వత్తము. షామీ తోలు పట్టిన ఆ మూడవవాడు ఏమయ్యెను? గాలియంత్రము అతనిని పూర్తిగా తొలగింపలేదు. అద్దముల సందులలో, తలుపు పిడుల క్రింద, నంబరు పలక వెనుక నీరు దాగియే యుండును. యంత్రము దాటిన పిమ్మట అది కన్నీరువలె కారును. దానిని తుడుచుటకు పెక్కుచోట్ల నేటికిని మనిషి కావలెను. కాని అతని పని చులుకనయైనది, కూలి తగ్గినది. 1976లో వచ్చిన 'కార్ వాష్' అను అమెరికా చలనచిత్రము లాస్ ఏంజిలస్ నగరమున ఇట్టి పనివారి ఒకనాటి బ్రతుకునే కథగా తీసికొన్నది. తక్కువ కూలికి నిరసనగా ఆ ప్రాంతపు శాలల పనివారు కొందరు 2011లోను, న్యూయార్క్‌లో కొందరు 2012లోను కార్మికసంఘములుగా ఏర్పడిరి.

రెండవ బాధ చెవికి. శాల మొత్తములో మిక్కిలి రొద చేయునది గాలి యంత్రమే. అమెరికాలో 1970నాటి చట్టము క్రింద ఏర్పడిన నిబంధనల ప్రకారము, కార్మికుడు 90 డెసిబెల్ల రొదలో దినమునకు 8 గంటలు మాత్రమే యుండవచ్చును. 95 అయినచో 4 గంటలు, 100 అయినచో 2 గంటలు. కారు యజమాని ఆ రొదను అద్దములు బిగించుకొని ఒక్క నిమిషము వినును. ద్వారమున నిలిచినవాడు దినమెల్ల వినును. ఉపాయము లేకపోలేదు. విసురుచక్రము వేగమును అయిదవవంతు తగ్గించినచో అది తీసికొను శక్తి దాదాపు సగమునకు పడిపోవును, రొదయు తగ్గును. యంత్రపు నోటిని కారునకు దగ్గరగా నిలిపినచో ఆ కొంచెపు గాలియే చాలును. అనగా చెవికి మేలు చేయు మార్పే విద్యుత్తు ఖర్చునకును మేలు.

నేడు చేతబట్టి వాడదగిన చిన్న గాలియంత్రములు ఇండ్లకును వచ్చినవి. 1980 తరువాత వ్యాపించిన పారదర్శకపు పైపూతపై, ఇసుక రేణువున్న గుడ్డతో రుద్దినచో సన్నని గీతలు పడును. గాలి తాకినచో పడవు. వానిని వాడువారు కారును నీడను నిలిపి, పైకప్పునుండి మొదలిడి క్రిందికి రావలెను. సందులలోని నీటిని ముందుగా ఊదివేయవలెను. నేలమీది దుమ్ము లేచి తడిపై పడకుండ చూచుకొనవలెను. చెవులకు తగిన రక్షణ కల్పించుకొనుట మంచిది.

హైదరాబాదు, విజయవాడ నగరములలో తెల్లవారుజామున బకెట్టు, గుడ్డ పట్టుకొని వాకిట నిలిచిన కార్లను తుడుచువారు నేటికిని పెక్కుమంది కలరు. యంత్రము వారి నడుములకు విశ్రాంతినిచ్చినచో దానిని ఆహ్వానింతము. వారి కూలిని మాత్రము తీసికొని పోయినచో, ఆ మెరుపు వెల ఎవరు చెల్లించుచున్నారో అడుగవలసినవారము మనమే.