రెండు కన్యాశుల్కాలు, ఒక ఫాంట్‌లాగ్

కన్యాశుల్కం పేరు వినని వాళ్ళు మన విజయనగరంలో ఉండరు. కానీ కన్యాశుల్కాలు రెండున్నాయని ఎంతమందికి తెలుసు?

1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ అప్పారావు గారు దాన్ని దాదాపు తిరగరాసి రెండో కూర్పు వేశారు. అయిదంకాల నాటకం ఏడంకాలైంది, మధురవాణి పాత్ర పెరిగింది. పేరు మాత్రం అదే! ఇవాళ మనం చదివేది రెండోదే. 1969లో బంగోరె గారు మొదటిదాన్ని మళ్ళీ అచ్చు వేశాక, ఏది ఎక్కడ మారిందో మామూలు పాఠకుడు కూడా పోల్చి చూసుకోగలిగాడు. మా కోడర్ల భాషలో దీన్నే డిఫ్ అంటాం.

నాటకం కాబట్టి అన్నేళ్ళు ఆగినా నడిచిపోయింది. కోడ్ అలా కాదు. ఒకడు రాసినదాని మీద ఇంకొకడు యాప్ కడతాడు. కింద చెప్పకుండా ఇటుక మార్చితే పైన గోడ పడిపోద్ది. అందుకే 1989లో రిచర్డ్ స్టాల్‌మన్ తెచ్చిన జీపీఎల్ లైసెన్స్ మొదటి వెర్షన్‌లోనే ఒక షరతు ఉంది: కోడ్ మార్చి పంచుకోవచ్చు, కానీ మార్చిన ఫైల్లో మార్చామని, ఏ తేదీన మార్చామో కనబడేలా రాయాలి.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. గురజాడ పేరుతో ఒకటి, శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారి పేరుతో ఒకటి, గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు ఫాంట్లున్నాయి. రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కిందవే, ఎవరైనా మార్చుకోవచ్చు. ఏ వెర్షన్‌లో ఏం మారిందో ఫాంట్‌లాగ్ అనే ఫైల్లో రాసిపెట్టమని ఈ లైసెన్స్ తయారుచేసినవాళ్ళు చెబుతారు. సలహాయే, రూలు కాదు. నాకు నచ్చనిది అదే.

ఎందుకంటే, ఒక ఒత్తు సరిచేశారనుకోండి, అక్షరం వెడల్పు కొంచెం మారింది. ఫాంట్‌ని గూగుల్ నుంచి నేరుగా లాగే వెబ్‌సైట్లో ఆ మార్పు దానంతటదే వచ్చేస్తుంది. నిన్న సరిపోయిన బటన్‌లో ఇవాళ మాట తెగిపోతుంది, కారణం ఏటో తెలీదు. ఫాంట్ ఫైల్ని యాప్‌లోనే పెట్టుకున్నవాడికేమో ఆ సవరణ అసలు చేరదు, పాత తప్పు అలాగే ఉండిపోతుంది. ఇద్దరికీ కావలసింది తేదీతో ఒక్క లైను.

అన్నట్టు, ఫాంట్ పేరుని రిజర్వ్ చేసుకునే వీలు కూడా ఈ లైసెన్స్‌లో ఉంది. అలా చేస్తే, అనుమతి లేకుండా మార్చినవాళ్ళు వేరే పేరు పెట్టుకోవాల్సిందే. 1909లో గురజాడ గారికి ఆ బాధ లేదు, సొంత నాటకం కదా!