పని చెప్పొచ్చు, గురి కుదరాలి

తెలుగులో పని అవుతుంది, లక్ష్యం నెరవేరుతుంది. మడికి నీళ్లు పెట్టమని పంపినవాణ్ని సాయంత్రం "పనైందా?" అని అడుగుతాం. ఈ పంటతోనైనా అప్పులోంచి బయటపడాలనుకున్న రైతును అలా అడగం. పనైతే చెబుతాం, పురమాయిస్తాం, అప్పజెబుతాం. గురి మాత్రం కుదరాలి. దాన్ని ఒకరు ఇంకొకరికి పురమాయించలేరు. ఈ తేడా మరిచిన చోటల్లా మనుషులు నలిగారు.

మన ఆఫీసుల్లో తిరిగే ‘టాస్క్’, పన్ను కట్టేటప్పుడు వినపడే ‘టాక్స్’ ఒకే లాటిన్ మాట నుంచి చీలినవి. మొదట్లో టాస్క్ అంటే పైవాడు కొలిచి విధించిన చాకిరి. మన వెట్టికి చుట్టమే. ‘టార్గెట్’ అసలు అర్థం చిన్న డాలు. గురిపెట్టి కొట్టే గుర్తుకు ఆ పేరు తర్వాత వచ్చింది. సంస్కృతం నుంచి వచ్చిన ‘లక్ష్యం’ కూడా అలాంటి గుర్తే. దాన్ని కొట్టేవాడి కళ్లే చూడాలి.

అమెరికాలో ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 1911లో అచ్చేసిన పుస్తకంలో టాస్క్‌కే పెద్దపీట వేశాడు. బెత్లెహేం ఉక్కు కర్మాగారంలో ఒక్కో ఇనుపదిమ్మ 92 పౌండ్లు, అంటే సుమారు 42 కిలోలు. రోజుకు పన్నెండున్నర టన్నులు మోసే కూలి చేత 47 టన్నులు మోయించానని రాసుకున్నాడు. ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు కూర్చోవాలో పక్కన నిలబడ్డ మనిషి చెప్పేవాడు. రోజుకూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగింది. బరువు నాలుగింతలకు దగ్గరైంది, కూలి రెండింతలైనా కాలేదు. ఆ ఇనుము ఎందుకు మోస్తున్నాడో ఆలోచించే పని కూలిది కాదన్నది ఆ పద్ధతి.

1954లో మేనేజ్‌మెంట్ రచయిత పీటర్ డ్రక్కర్ ఈ లెక్కను తిరగరాయబోయాడు. లక్ష్యాలు పెట్టుకోవడంలో పనిచేసేవాడికీ చెయ్యి ఉండాలి, తన పనిని తానే సరిచూసుకోవాలి అన్నాడు. కంపెనీలు లక్ష్యాలన్న మాటను పట్టుకుని తానే సరిచూసుకోవడాన్ని చాలాచోట్ల వదిలేశాయి.

మన దేశంలో ఈ పొరపాటుకు మూల్యం చెల్లించింది పేదల శరీరాలు. కుటుంబ నియంత్రణకు గురి తల్లీబిడ్డల క్షేమం, కుటుంబం తనకు తాను తీసుకునే నిర్ణయం కావాల్సింది. కిందికి దిగేసరికి అది ఆపరేషన్ల సంఖ్యగా మారింది. ఎమర్జెన్సీలో ఆ సంఖ్య కోసం మనుషుల్ని బలవంతంగా పట్టుకెళ్లారు. కాగితం మీద దాని పేరు లక్ష్యమే. నిజానికది పైనుంచి దిగిన టాస్క్, పాత అర్థంలోనే.

1996 ఏప్రిల్‌లో కేంద్రం దేశమంతటా ఆ టార్గెట్లను ఎత్తేసింది. ఇక అంకె పైనుంచి రాకూడదు. ఊళ్లో ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్‌ఎం ముందు ఇంటింటికీ వెళ్లాలి, గడపలో కూర్చుని "మీకేం కావాలమ్మా?" అని అడగాలి, ఆ జవాబులతో ఏడాది పనిని రాసుకోవాలి అన్నది అప్పటి కొత్త పద్ధతి.