చిరునామాల పుస్తకం ఎవరిది?

నోకియా ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్ కొనడాన్ని తాను సమర్థించలేదని సత్య నాదెళ్ళ 2017లో వెలువరించిన ‘హిట్ రిఫ్రెష్’లో రాసుకున్నారు. హైదరాబాదులో పుట్టిన మనిషి అంత పెద్ద సంస్థకు అధిపతి కావడం మనలో చాలామందిని ఆ పుస్తకం దగ్గరకు రప్పించిన కారణం. నన్ను మాత్రం ఆ నోకియా ప్రస్తావనే ఎక్కువసేపు ఆపింది. ఆ కొనుగోలు వెనుక విండోస్ ఫోన్ ఉంది. ఆ ఫోను వెనుక ఒక ఆలోచన ఉంది. మనుషుల మధ్య రాకపోకలను వేర్వేరు యాప్‌లకు వదిలిపెట్టకుండా, ఫోనుకు ప్రాణమైన ఆపరేటింగ్ సిస్టమే స్వయంగా నడపాలన్నది ఆ ఆలోచన. దాదాపు తొమ్మిదేళ్ళు అది బతికింది. పెద్ద సంస్థలన్నీ దాన్ని ప్రయత్నించాయి, చివరకు అన్నీ వదిలేశాయి. ఆ చరిత్రను సాంకేతిక పత్రికలు గెలుపోటముల లెక్కగా రాశాయి. నాకు అది వేరే కథగా కనిపిస్తుంది. ఆ తొమ్మిదేళ్ళూ జరిగిన పోరు ఫోనులోని అతి మామూలు వస్తువు కోసం: చిరునామాల పుస్తకం.

2008 జులైలో యాపిల్ తన యాప్ స్టోర్‌ను తెరిచింది. అక్కడినుంచి ఫోను ఒక సంత అయింది, ఒక్కో యాప్ ఒక్కో అంగడి. ఒకే స్నేహితుడి ఫోన్ నంబరు ఒకచోట, ఈమెయిలు మరొకచోట, పెళ్ళి ఫోటోలు ఇంకోచోట. పాతకాలపు ఆసుపత్రిలో ఒకే రోగికి గుండె విభాగంలో ఒక ఫైలు, మూత్రపిండాల విభాగంలో ఇంకో ఫైలు ఉన్నట్టే. మనిషి పేరిట ఒకే కేస్‌షీటు ఉంటే ఎంత బాగుంటుందన్న కోరిక సహజంగానే పుట్టింది.

ఆ ఏడాది చివర్లో హాంకాంగ్‌కు చెందిన హచిసన్ సంస్థ తరఫున ‘ఐఎన్‌క్యూ1’ అనే చిన్న ఫోను బ్రిటన్‌లో వచ్చింది. ఖరీదైన స్మార్ట్‌ఫోను కాదు. అయినా ఫేస్‌బుక్ మిత్రులు అందులోని చిరునామాల పుస్తకంలోనే కనిపించేవారు. 2009 జూన్‌లో అమెరికాలో విడుదలైన పామ్ ప్రీ ఈ పనిని పద్ధతిగా చేసింది. అందులోని ‘సినర్జీ’ అనే ఏర్పాటు గూగుల్, ఫేస్‌బుక్, ఆఫీసు ఈమెయిలు జాబితాలను తెచ్చి, ఒకే మనిషికి చెందిన వివరాలను ఒకే కార్డుగా అతికించేది. అసలు సమాచారం ఎక్కడిదక్కడే ఉండేది, చూసేవాడికి మాత్రం ఒక్కటిగా కనిపించేది. ఆ సెప్టెంబరులోనే మోటరోలా ‘మోటోబ్లర్’ పేరుతో ఫేస్‌బుక్, ట్విటర్, మైస్పేస్ కబుర్లను ఫోను ముంగిట్లోకి తెచ్చింది.

ఈ ఆలోచనకు నిండైన రూపం విండోస్ ఫోన్ 7లో దొరికింది. 2010 ఫిబ్రవరిలో బార్సిలోనాలో ప్రకటించి, ఆ ఏడాది చివర అమ్మకానికి పెట్టారు. అందులో ‘పీపుల్’ అనే పలక నొక్కి ఒక మనిషి పేరు తాకితే చాలు. ఆమె నంబరు, ఆమె తాజాగా రాసిన మాట, పెట్టిన ఫోటో అన్నీ అక్కడే ఉండేవి. ఫేస్‌బుక్ యాప్ తెరవనవసరం లేదు. 2011 శరత్కాలంలో వచ్చిన ‘మ్యాంగో’ కూర్పు ట్విటర్‌ను, లింక్డిన్‌ను కూడా కలిపింది. అదే సంస్థ కుర్రకారు కోసం చేసిన ‘కిన్’ ఫోన్లు మాత్రం 2010 మేలో అంగడికి వచ్చి, రెండు నెలలు నిండకముందే, జూన్ 30న రద్దయ్యాయి.

యాపిల్ కూడా ఈ దారిలోకి రాక తప్పలేదు. 2010లో ‘పింగ్’ పేరుతో సంగీతాభిమానుల కోసం తానే ఒక వేదిక పెట్టి చూసింది. జనం రాలేదు, రెండేళ్ళకు మూసేసింది. 2011 అక్టోబరులో వచ్చిన ఐఓఎస్ 5లో ట్విటర్‌ను ఫోను అమరికల్లోనే చేర్చింది. ఒక్కసారి అక్కడ ఖాతా వివరాలిస్తే ఫోటోల నుంచీ, సఫారీ నుంచీ నేరుగా ట్వీట్ చేయవచ్చు. మరుసటేడు ఐఓఎస్ 6లో ఫేస్‌బుక్‌కూ అదే చోటు దక్కింది. చూడటానికి ఇది అందరికీ లాభసాటి ఒప్పందం. ఫోను తయారీదారుకు సదుపాయం, వేదికకు కొత్త జనం, వాడేవాడికి సుఖం.

కానీ చిరునామాల పుస్తకంలో ఎవరి చెయ్యి ఎంత లోతుకు వెళ్తుందన్న తగాదా అప్పటికే మొదలైంది. ఫేస్‌బుక్ తన సభ్యుల కోసం జీమెయిల్ చిరునామాలను తీసుకునేది, తన దగ్గరున్నవి మాత్రం బయటికి ఇచ్చేది కాదు. 2010 నవంబరులో గూగుల్ ఆ ద్వారం మూసింది. 2011 ఫిబ్రవరిలో తన నెక్సస్ ఎస్ ఫోనులోని చిరునామాల పుస్తకం నుంచి ఫేస్‌బుక్ మిత్రులను తొలగించింది. గూగుల్ వాదన గమనించదగ్గది: ఆ పేర్లు ఫోనులో ఉన్నట్టు కనిపిస్తాయే గాని, వాటిని మరో చోటికి తీసుకుపోయే వీలు లేదు, ఫేస్‌బుక్ యాప్ తీసేస్తే అవీ మాయమవుతాయి. అంటే మన పుస్తకంలో కొన్ని పేజీలు అద్దెవి.

అద్దె పేజీల సంగతి 2012 జూన్‌లో లోకానికి తెలిసింది. ఫేస్‌బుక్ ఉన్నట్టుండి సభ్యుల పేజీలపై కనిపించే ఈమెయిలు చిరునామాను మార్చి, తన సొంత ఫేస్‌బుక్ చిరునామాను పెట్టింది. ఫేస్‌బుక్‌తో ముడిపడిన కొన్ని రకాల ఫోన్లలో ఆ మార్పు యజమాని చిరునామాల పుస్తకంలోకీ పాకింది. ఎన్నాళ్ళనుంచో దాచుకున్న అసలు చిరునామా పోయి కొత్తది వచ్చి కూర్చుంది. అది పొరపాటేనని సంస్థ అంది. పొరపాటే కావచ్చు, కానీ మన ఇంటి పుస్తకంలో పరాయివాడు రాయగలడన్న నిజం మాత్రం దానివల్లే బయటపడింది.

అదే ఏడాది ఫిబ్రవరిలో ‘పాత్’ అనే యాప్ గుట్టు రట్టయింది. వాడేవారిని అడగకుండానే వారి చిరునామాల పుస్తకం మొత్తాన్ని అది తన సర్వర్లకు చేరవేస్తోందని సింగపూర్‌లోని ఒక ప్రోగ్రామరు కనిపెట్టాడు. సంస్థ క్షమాపణ చెప్పింది. మరుసటేడు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 8 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. ఈ గొడవ తరువాత వచ్చిన ఐఓఎస్ 6 ఒక చిన్న ప్రశ్నను పరిచయం చేసింది: ఈ యాప్ మీ కాంటాక్ట్‌లను చూడవచ్చునా? ఒకే కూర్పులో ఒక చేత్తో ఫేస్‌బుక్‌ను ఇంట్లోకి పిలవడం, మరో చేత్తో గుమ్మానికి గొళ్ళెం బిగించడం జరిగాయి.

ఇంట్లో అతిథిగా ఉండటం చాలక ఇల్లే తనదనిపించుకోవాలని ఫేస్‌బుక్ 2013 ఏప్రిల్‌లో ప్రయత్నించింది. ‘ఫేస్‌బుక్ హోమ్’ పేరుతో ఆండ్రాయిడ్ ఫోను ముఖచిత్రాన్నంతా మిత్రుల ఫోటోలతో కప్పేసింది. దానికోసమే తయారైన హెచ్‌టీసీ ఫస్ట్ ఫోను, రెండేళ్ళ ఒప్పందం మీద 99 డాలర్ల ధరతో మొదలై, నెల తిరక్కుండానే 99 సెంట్లకు దిగజారింది. తెరమీద తేలియాడే గుండ్రటి ముఖాల సంభాషణ ఒక్కటే దాంట్లో బతికి బట్టకట్టింది.

ఆ తరువాత ఈ ఆలోచన మెల్లగా కరిగిపోయింది. ఆపరేటింగ్ సిస్టమ్‌లో పెద్ద మార్పు ఏడాదికొకసారి వస్తుంది. ఫేస్‌బుక్ వంటి వేదిక కొద్ది వారాలకే కొత్త హంగులు దిద్దుకుంటుంది. ఫోనులో అతికించిన భాగం ఎప్పుడూ పాతబడే ఉండేది. 2014లో విండోస్ ఫోన్ 8.1 ఆ పనిని తిరిగి యాప్‌లకే అప్పగించింది. అదే ఏడాది యాపిల్, ఏ యాప్ అయినా ‘షేర్’ జాబితాలో తన పేరు నమోదు చేసుకునే వీలు కల్పించింది. ఆండ్రాయిడ్‌లో ఆ పద్ధతి ముందునుంచే ఉంది. ఇక ఎవరికీ ప్రత్యేక పీట అక్కరలేకపోయింది. 2015లో ఫేస్‌బుక్ తన సమాచార ద్వారాలను కుదించడంతో పాత విండోస్ ఫోన్లలోని ‘పీపుల్’ పలకలో ఆ కబుర్లు ఆగిపోయాయి. ఆ జులైలోనే నాదెళ్ళ నోకియా కొనుగోలు విలువలో దాదాపు 760 కోట్ల డాలర్లను నష్టంగా రాసేసి, 7,800 వరకు ఉద్యోగాల కోత ప్రకటించారు. 2017 సెప్టెంబరులో ఐఓఎస్ 11 తన అమరికల నుంచి ట్విటర్, ఫేస్‌బుక్‌లను తీసేసింది. పెద్దగా ఎవరూ గమనించలేదు.

కథ అక్కడితో ముగిసిందనుకున్నాక అసలు అధ్యాయం బయటికొచ్చింది. 2018 జూన్‌లో న్యూయార్క్ టైమ్స్ ఒక కథనం ప్రచురించింది. పదేళ్ళ కాలంలో కనీసం 60 ఫోను, పరికరాల తయారీ సంస్థలతో ఫేస్‌బుక్ ఒప్పందాలు చేసుకుందని, వాటిద్వారా సభ్యుల సమాచారమే కాక వారి స్నేహితుల సమాచారం కూడా అందిందని రాసింది. ఆ పత్రిక విలేకరి ఒకరు 2013 నాటి బ్లాక్‌బెర్రీ ఫోనులో తన ఖాతా తెరిచి పరీక్షించారు. ఆయన మిత్రులు 550 మందికి పైగా. ఆ ఫోనుకు గుర్తింపు వివరాలు అందగలిగిన మనుషులు 2 లక్షల 94 వేలకు పైగా. ఆ తయారీదారులు పరాయివారు కారని, తమ సేవను ఫోనులో అందించడానికే వారికి ఆ వీలు కల్పించామని ఫేస్‌బుక్ సమాధానం చెప్పింది. ఆ ఫోను కొన్నవాడు ‘సరే’ నొక్కి ఉంటాడు. ఆ 2 లక్షల 94 వేలమందిని అడిగిందెవరు?

మా వృత్తిలో దీనికి దగ్గర పోలిక ఉంది. వంశపారంపర్య వ్యాధి అనుమానం వస్తే రోగిని అడిగి కుటుంబ వృక్షం గీస్తాం. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, చనిపోయినవారి గుర్తుమీద అడ్డగీత. నా ఎదుట ఉండేది రోగి ఒక్కరే. కాగితం మీద ఇరవైమంది ఉంటారు. మేనమామ తాగుడు, పిన్నికి వచ్చిన మతిభ్రమణం, పుట్టగానే పోయిన బిడ్డ, ఇవన్నీ వాళ్ళను అడగకుండానే అందులో చేరతాయి. అందుకే ఆ కాగితం కేస్‌షీటు దాటి పోకూడదు. రోగి తన రక్తపరీక్షకు సమ్మతించగలడు. తన అన్న రక్తపరీక్షకు సమ్మతించలేడు. చిరునామాల పుస్తకం అచ్చంగా అటువంటి కాగితం. ఫోను నాది, పేర్లు నావి కావు.

మన ఫోన్లలో ఈ మాటకు మరింత బరువుంది. ‘రాజమండ్రి అత్తయ్య’, ‘చిన్నాన్న గుంటూరు’, ‘పెళ్ళిళ్ళ శాస్త్రిగారు’ అని రాసుకుంటాం మనం. విదేశంలో ఉన్నవాళ్ళం మరీనూ. ఆ జాబితా చదివినవాడికి నంబర్లతో పాటు చుట్టరికాలు, ఊళ్ళు, ఇంటిపేర్లు, ఇంట్లో జరిగే శుభాశుభాలు తెలుస్తాయి.

ఫోన్లు వేదికలను బయటికి పంపినంత మాత్రాన పుస్తకం భద్రమైందా? 2009లో పుట్టిన వాట్సాప్ ఈ చిక్కును తలకిందులు చేసి పరిష్కరించింది. ఆపరేటింగ్ సిస్టమ్ తనను లోపలికి పిలవాలని అడగలేదు. ఫోను నంబరునే సభ్యుడి పేరుగా చేసుకుని, చిరునామాల పుస్తకాన్నే తన మిత్రుల జాబితాగా వాడుకుంది. 2014 ఫిబ్రవరిలో 1,900 కోట్ల డాలర్లకు దాన్ని కొంటున్నట్టు ఫేస్‌బుక్ ప్రకటించింది. ఫోను ముంగిలి కోసం ఓడినవాడు పుస్తకాన్ని గెలుచుకున్నాడు. ఈ దేశంలో కూర్చుని అమ్మ ముఖం చూస్తూ మాట్లాడగలుగుతున్నామంటే దాని పుణ్యమే. ఆ మేలును తక్కువ చేయను.

2024 సెప్టెంబరులో వచ్చిన ఐఓఎస్ 18, పుస్తకమంతా కాకుండా ఎంచుకున్న కొన్ని పేర్లనే ఒక యాప్‌కు చూపించే వీలు ఇచ్చింది. పుస్తకంలోకి దొంగచూపులు బయటపడిన పన్నెండేళ్ళకు దక్కిన మేలు ఇది. అయినా ప్రశ్న ఇంకా ఫోను పట్టుకున్నవారినే అడుగుతున్నారు. ఆ జాబితాలోని అత్తయ్యకు ఆ ప్రశ్న ఎన్నడూ చేరదు. కనుక ఆమె తరఫున జవాబు చెప్పే బాధ్యత మన వేలికొనమీదే ఉంది. కుటుంబ వృక్షం గీసిన కాగితాన్ని జాగ్రత్త చేసినట్టే ఆ పుస్తకాన్నీ జాగ్రత్త చేయాలి.