పసుపు బిళ్ల పుట్టుపూర్వోత్తరాలు

సికింద్రాబాద్‌లో యాక్రిలిక్ నేమ్‌బోర్డులు, జాలీపని పెళ్లిపత్రికలు కోసే లేజర్ కటింగ్ యంత్రం తలలో రూపాయి బిళ్ల కంటే కాస్త చిన్నదిగా ఒక పసుపు బిళ్ల ఉంటుంది. షాపువాళ్లు ఫోకస్ లెన్స్ అంటారు. చూడ్డానికి రంగుగాజులా ఉన్నా అది గాజు కాదు. జింక్, సెలీనియం సమపాళ్లలో కలిసిన జింక్ సెలెనైడ్.

ఆ యంత్రంలోని కార్బన్ డయాక్సైడ్ లేజర్ కిరణం తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు. కంటికి కనిపించని పరారుణ కాంతి అది. మామూలు గాజు దాన్ని పీల్చేసుకుని, వేడెక్కి పగులుతుంది. జింక్ సెలెనైడ్ దాదాపు నష్టం లేకుండా దాటనిస్తుంది.

సెలీనియాన్ని 1817లో స్వీడన్ రసాయనవేత్త బెర్జీలియస్ గుర్తించాడు. గంధకామ్లం తయారీలో అడుగున మిగిలిన ఎర్రటి మడ్డిలో అది దొరికింది. ఇప్పటికీ అది వచ్చేది మడ్డి నుంచే: విద్యుత్తుతో రాగిని శుద్ధిచేసే తొట్లలో అడుగున పేరుకునే బురదే దానికి ముఖ్యమైన ఆధారం.

పరారుణ కాంతితో పనిచేసే పరికరాలకు మొదట్లో ఉప్పు బిళ్లలే కిటికీలు. కాంతిని చక్కగా దాటనిచ్చేవి కానీ గాలిలో తేమ తగిలితే మసకబారేవి. మన వానాకాలంలో అలాంటి కిటికీని కాపాడుకోవడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. నీటికి చెక్కుచెదరని పదార్థాల కోసం వెతికిన అమెరికా కోడాక్ కంపెనీ, జింక్ సెలెనైడ్ పొడిని వేడిలో గట్టిగా నొక్కి బిళ్లలు చేసి, ‘ఇర్‌ట్రాన్-4’ పేరుతో అమ్మింది.

బారామతిలో పుట్టి, పుణెలో ఇంజనీరింగ్ చదివిన సి. కుమార్ పటేల్ 1964లో బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనిపెట్టడంతో దీని దశ తిరిగింది. కిరణం బలం పెరిగేకొద్దీ మరింత స్వచ్ఛమైన బిళ్లలు కావాల్సి వచ్చాయి. అప్పుడు పద్ధతి మారింది. శూన్యానికి దగ్గరగా ఉన్న కొలిమిలో జింక్ ఆవిరిని, హైడ్రోజన్ సెలెనైడ్ వాయువును కలిపితే, గ్రాఫైట్ పలకల మీద సెలెనైడ్ పొరపొరగా పేరుకుంటుంది. పలక తగిన మందానికి రావాలంటే రోజుల తరబడి ఆగాలి. పైగా ఆ వాయువు మహా విషం. ఇంత చిన్న లెన్స్‌కు అంత ధర ఎందుకని అడిగేవాళ్లకు నేనైతే ఈ కొలిమి సంగతే చెబుతాను.

పరారుణానికి జెర్మేనియం కూడా దారి ఇస్తుంది. కానీ కంటికి కనిపించే వెలుగును అది పూర్తిగా అడ్డగిస్తుంది. జింక్ సెలెనైడ్ ఎర్రటి కాంతినీ వదులుతుంది. అందుకే చాలా యంత్రాల్లో కోయాల్సిన చోటు చూపే ఎర్ర చుక్క, కోసే కిరణం ఒకే లెన్స్ గుండా దిగుతాయి. దీని గుణాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే. లోపమూ ఉంది: వక్రీభవన గుణకం 2.4 కావడంతో ఒక్కో ముఖం దగ్గర 17 శాతం దాకా కాంతి వెనక్కి పోతుంది. దాన్ని తగ్గించడానికే రెండు ముఖాలకూ పలుచని పూత వేస్తారు.

తానే వెలుగివ్వాలన్న ప్రయత్నంలో మాత్రం ఇది ఓడింది. 1991లో అమెరికా 3ఎం సంస్థ జింక్ సెలెనైడ్ ఆధారంగా నీలి-ఆకుపచ్చ లేజర్‌ను వెలిగించింది. స్ఫటికంలోని లోపాల వల్ల అలాంటి లేజర్లు ఎక్కువ కాలం నిలవలేదు. ఈలోగా గాలియం నైట్రైడ్ వచ్చి నీలి వెలుగును తన సొంతం చేసుకుంది.

ఇలాంటి సమ్మేళనాలకు మూలం లోహాల శుద్ధి. ఆ పని మన పక్కనే జరుగుతోంది. చర్లపల్లిలోని సీ-మెట్ ప్రయోగశాల కాడ్మియం, టెల్లూరియం వంటి వాటిని శూన్యంలో ఆవిరిచేసి, కడ్డీ వెంట కరిగిన మేరను మెల్లగా జరుపుతూ మలినాలను ఒక కొసకు తోసి, 99.99999 శాతం స్వచ్ఛతకు తెస్తుంది.

లెన్స్ వాడేవాళ్లు దాన్ని అసిటోన్‌లో తడిపిన దూదితో, రుద్దకుండా తుడవాలి. ఆమ్లం తగలనివ్వకూడదు, విషవాయువు పుడుతుంది. పగిలినా, మాడినా ముక్కలను ఒట్టి చేత్తో ఎత్తకుండా, గ్లవ్స్ వేసుకుని, మూత బిగించిన డబ్బాలో వేసి అమ్మినవాళ్లకే తిరిగి ఇవ్వాలి.