1972: ఒక పౌడరు డబ్బా కథ

ఫ్రాన్సుకు ఈశాన్యాన, బెల్జియం సరిహద్దును ఆనుకుని ఆర్డెన్ అనే జిల్లా ఉంది. 1972లో అక్కడా, మరికొన్ని జిల్లాల్లోనూ చంటిపిల్లలు ఒకే తీరుగా జబ్బు పడడం మొదలైంది. ముందు పిరుదులు కందేవి. తర్వాత ఫిట్స్ వచ్చేవి. కొందరు లేవలేదు.

ఆ ఇళ్లలో ఒకదాని లోపలికి వెళ్దాం. పేర్లు అక్కర్లేదు, చాలా ఇళ్లలో జరిగింది కాస్త అటూ ఇటూగా ఇదే. తల్లి బిడ్డకు గుడ్డ మారుస్తోంది. గోరువెచ్చటి నీళ్లతో కడిగింది, తువ్వాలుతో తడి అద్దింది, డబ్బా వంచి పౌడరు చల్లింది. తొడల ముడతల్లోకి చేరేలా వేలితో సర్దింది. ఎరుపు నిన్నటికంటే పెరిగినట్టుంది. తడిగుడ్డ ఒరుసుకుని ఉంటుందిలే అనుకుని ఇంకాస్త చల్లింది. రెండు రోజులు గడిచేసరికి తోలు లేచిపోయి, వేణ్నీళ్లు పడ్డట్టు పచ్చిపుండయింది. పుండు చెమ్మగా ఉంది కాబట్టి అది ఆరాలని మళ్లీ పౌడరే.

ఆ తర్వాత బిడ్డ పాలు కక్కింది. ఎత్తుకుంటే ఉలిక్కిపడి ఏడ్చింది. ఏడుపు ఆగి మగత కమ్మింది. ఒళ్లు బిగుసుకుంది. ఆస్పత్రికి చేరేసరికి డాక్టర్ల ముందున్నది ఫిట్స్ వస్తున్న పసిబిడ్డ. ఏదో వైరస్ మెదడుకెక్కిందన్న అనుమానం ముందుగా రావడంలో వింతేమీ లేదు. పిరుదుల పుండ్లు చంటిపిల్లలకు మామూలే కదా. రెండూ ఒకే జబ్బు తాలూకు మొదలూ చివరా అని ఎవరికి తడుతుంది?

తట్టింది, కానీ ఆలస్యంగా. వైరస్సే అయితే ఇంట్లో పెద్ద పిల్లలకూ, పక్కింటి వాళ్లకూ ఎందుకు అంటలేదు? అందరికీ పిరుదులే ఎందుకు పుండు పడ్డాయి? జార్జ్ మార్టిన్ బూయే అనే ఎపిడెమియాలజిస్టూ ఆయన సహచరులూ ఈ కేసులన్నిటినీ ఒకచోట చేర్చి పరిశీలించారు. ఇలాంటి దర్యాప్తులో మైక్రోస్కోపు కంటే ముందు నోరు పనిచేస్తుంది. బిడ్డ ఏం తాగింది, గుడ్డలు దేనితో ఉతికారు, ఒంటికి ఏం రాశారు? జవాబులన్నీ చివరికి ఒకే డబ్బా దగ్గర కలిశాయి. దాని పేరు టాల్క్ మొరాంజ్. షాపులో ఎవరైనా కొనుక్కోగల మామూలు బేబీ పౌడరు.

పరీక్షిస్తే అందులో 6 శాతానికి పైగా హెక్సాక్లోరోఫిన్ అనే క్రిమిసంహారక మందు తేలింది. ఆ పౌడరు తయారీలో అసలు ఆ మందు వాడనే కూడదు. ప్యాకింగు జరిగే చోట తెల్లపొడి డ్రమ్ము పక్కన మరో తెల్లపొడి ఉంది, పొరపాటున టాల్కులో అది కలిసిపోయింది. ఆగస్టు చివర్లో విషయం బయటపడి సరుకు వెనక్కి రప్పించేసరికి లెక్క ఇలా తేలింది: జబ్బుపడిన పిల్లలు 204 మంది, చనిపోయినవాళ్లు 36 మంది.

ఇంతకీ ఈ హెక్సాక్లోరోఫిన్ విలన్‌గా పుట్టలేదు. పసిపిల్లల చర్మాన్ని కాపాడ్డానికి వచ్చిన మందే అది. 1950లలో చాలా దేశాల ప్రసూతి వార్డుల్లో స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియా చెలరేగింది. పుట్టిన కొద్దిరోజులకే పిల్లల మెడకింద, చంకల్లో, గజ్జల్లో చీముపొక్కులు లేచేవి. బొడ్డు చీము పట్టేది. ఆ బిడ్డకు పాలిచ్చే తల్లికి రొమ్ములో గడ్డ లేచేది. ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు ఆ క్రిమిని మోసుకెళ్లింది ఎక్కువగా నర్సుల చేతులు. హెక్సాక్లోరోఫిన్ 3 శాతం కలిపిన ద్రావణంతో పిల్లలకు స్నానం చేయించడం మొదలుపెట్టాక పొక్కులు తగ్గాయి. అమెరికాలో ఏళ్ల తరబడి ఎన్నో ఆస్పత్రుల్లో అది దినచర్య అయిపోయింది.

1971లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఈ మందు మెదడులోని తెల్లపదార్థంలో బుడగలు లేపి గుల్ల చేస్తోందని తేలింది. ఆ డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పిల్లలకు ఈ స్నానాలు వద్దని హెచ్చరించింది. మానేశాక కొన్ని వార్డుల్లో చీముపొక్కులు మళ్లీ ఎక్కువయ్యాయి. డాక్టర్లు రెండుగా చీలి వాదించుకున్నారు. ఫ్రాన్సు వార్త వాళ్లకు చేరింది ఆ వాదన మధ్యలోనే. 1972 సెప్టెంబరులో అమెరికా ఆ మందును డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వాలని కట్టడి చేసింది. మందు పనిచేస్తుందా అన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబుంది. ఒంటికి రాసిన మందు లోపలికి ఎంత పోతుంది అన్న ప్రశ్నను మాత్రం చాలాకాలం ఎవరూ గట్టిగా అడగలేదు. అసలు తప్పు అక్కడుందని నాకనిపిస్తుంది.

పసిబిడ్డ విషయంలో ఆ ప్రశ్న ప్రాణంతో సమానం. బరువుతో పోల్చి చూస్తే చంటిబిడ్డ చర్మం విస్తీర్ణం మనకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. పై పొర పలచన. దానిమీద తడిగుడ్డో డైపరో బిగించి కడితే రాసింది ఇంకా ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. ఇక తోలు లేచిపోయిన చోట అడ్డే ఉండదు. ఆ ఫ్రెంచి తల్లులు పుండు మీద మళ్లీ మళ్లీ చల్లిన ప్రతి చిటికెడూ నేరుగా నెత్తుట్లోకి వెళ్లిందంటే కారణం ఇదే.

టాల్క్ మొరాంజ్ కేసు 1979లో కోర్టుకెక్కింది, మరుసటి ఏడాది బాధ్యులను దోషులుగా తేల్చారు. ఇదే మందుతో ముడిపడ్డ ఇటలీలోని సెవెసో పేరు మీరు విని ఉంటారు. 1976 జులైలో అక్కడి రసాయన కర్మాగారం నుంచి విషమేఘం లేచి వందలమంది చేత ఇళ్లు ఖాళీ చేయించింది. ఆ కర్మాగారంలో తయారవుతున్నది హెక్సాక్లోరోఫిన్‌కు కావలసిన ముడిసరుకే. ఇంకా బాధపెట్టే సంగతి ఏమిటంటే, 1981లో వియత్నాంలోని హో చి మిన్ నగరంలో పసిపిల్లలు రక్తం కారి చనిపోసాగారు. ఈసారి బేబీ పౌడరులో కలిసింది ఎలుకల మందుగా వాడే వార్ఫరిన్. జబ్బుపడింది 741 మంది, పోయింది 177 మంది. ఆ ఉదంతాన్ని వైద్యపత్రికలో ప్రపంచానికి చెప్పిన వాళ్లలోనూ మార్టిన్ బూయే పేరుంది.

అదంతా పరదేశపు ఫ్యాక్టరీ తప్పు కదా, మనకేమిటి అంటారేమో. మన ఇళ్లలో ఫ్యాక్టరీ అక్కర్లేదు, మెడికల్ షాపు చాలు. ‘బాబుకి ఒరిసిపోయిందన్నా, ఏదైనా ట్యూబివ్వు’ అంటే అతను ఇచ్చేది సాధారణంగా స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీము. రాసిన మర్నాడే ఎరుపు తగ్గుతుంది, ఎందుకంటే స్టెరాయిడ్ ఎరుపును దాచేస్తుంది. కింద ఫంగస్ నింపాదిగా పాకుతుంది. వారాల తరబడి రాస్తే ఆ లేత చర్మం ఇంకా పలచబడుతుంది, ఆపైన మందు ఒంట్లోకి పోతుంది. అమ్మమ్మ చిట్కాలను వెక్కిరించే చదువుకున్న తల్లిదండ్రులే ఈ ట్యూబును డాక్టరు మొహం చూడకుండా నెలల తరబడి వాడుతుంటారు. నా దృష్టిలో అమ్మమ్మ కొబ్బరినూనె దీనికంటే నయం.

చికిత్స కంటే ముందు గుర్తుపట్టడం రావాలి. పుట్టిన రెండో మూడో రోజున ఒంటిమీద ఎర్రటి మచ్చలు, మధ్యలో చిన్న తెల్ల చుక్కలు లేచి, పొద్దున ఒకచోట సాయంత్రం ఇంకోచోట కనబడితే, బిడ్డ హాయిగా పాలు తాగుతుంటే అది ఇన్‌ఫెక్షన్ కాదు, దానంతటదే పోతుంది. మే నెలలో మెడమీద, వీపుమీద లేచే చెమటకాయలూ అంతే, పలచటి నూలు చొక్కా, గాలి చాలు. డైపర్ ఒరుపు ఉబ్బెత్తుగా ఉండి గుడ్డకు తగిలే చోట్లే ఎర్రబడుతుంది, ముడతల లోపల బాగానే ఉంటుంది. ముడతల్లోనే మెరిసే ఎరుపు ఉండి, దాని చుట్టూ విడివిడిగా చిన్న ఎర్రచుక్కలు కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు. అప్పుడు నోరు తెరిచి చూడండి, నాలుకమీద, బుగ్గల లోపల తుడిస్తే పోని తెల్లపూత ఉంటే అనుమానం బలపడుతుంది. దానికి ఫంగస్ మందు కావాలి, పౌడరు కాదు. పౌడరు ముక్కులోకి పోయినా ఊపిరితిత్తులకు చేటు కాబట్టి చంటిపిల్లలకు అసలు వద్దనే పిల్లల డాక్టర్లు చాలామంది చెబుతారు.

చీముపొక్కులది వేరే లెక్క. నెలలోపు బిడ్డకు ఇవి పదికి తక్కువ ఉండి, బిడ్డ చురుగ్గా ఉంటే మన నవజాత శిశు సంరక్షణ మార్గదర్శకాల ప్రకారం ఇంట్లోనే చూసుకోవచ్చు. చేతులు కడుక్కుని, పొక్కులను సబ్బునీళ్లతో మెల్లగా శుభ్రం చేసి, ఆరనిచ్చి, 0.5 శాతం జెన్షన్ వయొలెట్ రోజుకు రెండుసార్లు అయిదు రోజులు పూయాలి. ఆ ఊదారంగు మందు చూడ్డానికి పాతకాలం సరుకులా ఉన్నా పని చేస్తుంది. ఎలా పూయాలో ఆశా కార్యకర్తకు తెలుసు. ఆస్పత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆమె ఇంటికి రావాలి. వచ్చినప్పుడు బిడ్డను బట్టలు విప్పి చూపించండి. పొక్కులు పది, అంతకుమించి ఉన్నా, ఒక పెద్ద సెగగడ్డ లేచినా ఆ పూటే ఆస్పత్రికి బయల్దేరాలి. కాస్త పెద్దపిల్లల్లో ముక్కుకింద, మూతి చుట్టూ తేనెరంగు పెచ్చులు కట్టే పుండ్లు కూడా బాక్టీరియావే. వాటికి డాక్టరు రాసిన యాంటీబయాటిక్ కావాలి. ఇంట్లో మిగతా పిల్లలకు అంటకుండా తువ్వాళ్లు వేరు పెట్టాలి.

బొడ్డు మీద ఏమీ వేయకండి. పసుపు, బూడిద, నూనె ఏదీ వద్దు. పొడిగా ఉంచితే చాలు, దానంతటదే రాలుతుంది. బొడ్డు చుట్టూ చర్మం ఎర్రబడి వ్యాపిస్తుంటే, వాసనతో చీము వస్తుంటే రేపటిదాకా ఆగవద్దు. పెదవి మీద జ్వరపు పొక్కు ఉన్న పెద్దవాళ్లు పసిబిడ్డను ముద్దుపెట్టుకోకూడదు. ఆ హెర్పిస్ వైరస్ నెలలోపు బిడ్డ మెదడుదాకా పోతుంది.

అన్నిటికంటే భయపడాల్సింది ఒకటుంది. ఒళ్లంతా ఎర్రబడి, ముట్టుకుంటే బిడ్డ కేరుమని ఏడ్చి, వేలితో రాస్తే పై పొర జారిపోయే జబ్బు. రిట్టర్ అనే వైద్యుడు 1878లోనే ప్రాగ్ నగరంలోని అనాథ శిశువుల ఆశ్రమంలో పదేళ్లలో చూసిన 297 కేసులను వర్ణించాడు. ప్రసూతి వార్డుల్లో చెలరేగిన ఆ స్టాఫిలోకాకస్ బాక్టీరియా వదిలే విషమే దీనికి కారణం. ఇప్పుడు వెంటనే ఆస్పత్రిలో చేర్చి నరానికి యాంటీబయాటిక్ ఎక్కిస్తే చాలామంది పిల్లలు మచ్చయినా లేకుండా కోలుకుంటారు.

చర్మం మీది గుర్తు ఎలాంటిదైనా సరే, బిడ్డ పాలు మానేసినా, మగతగా ఉన్నా, ఒళ్లు కాలినా, మామూలుకన్నా చల్లబడినా, ఊపిరికి డొక్కలు ఎగరేసినా ఇంటి వైద్యం మానేసి బయల్దేరండి. వెళ్లేటప్పుడు ఒక్క పని చేయండి. పుట్టిన్నాటి నుంచి బిడ్డ ఒంటికి రాసిన ప్రతిదీ, ట్యూబు, పౌడరు డబ్బా, నూనె సీసా, ఎవరో ఇచ్చిన పసరు, సంచిలో వేసుకుని వెళ్లి డాక్టరు బల్లమీద పెట్టండి. ఆయన అడగకపోయినా సరే.