నంబర్లు అరవై ఐదు వేలు, చెవులు నాలుగు

మా అపార్ట్‌మెంటు మేడ మీది నీళ్ల ట్యాంకుకి కాపలాగా ఒక ఆర్డుయినో ఊనో బోర్డు పెట్టాను. దాని నెత్తిన ఈథర్‌నెట్ షీల్డు, ట్యాంకులోకి వేలాడే సెన్సరు, కిందికి దిగే నీలం కేబులు. అప్పగించిన పని చిన్నదే. మట్టం ఎంతుందో అడిగితే చెప్పాలి, మోటారు వెయ్యమంటే వెయ్యాలి, ఎన్ని గంటలకు వేసిందో రాసుకోవడానికి ఇంటర్నెట్ నుంచి టైము తెచ్చుకోవాలి. అన్నిటికీ, చేరుతుందన్న హామీ లేకుండా చిన్న ప్యాకెట్లు పంపే యూడీపీ పద్ధతే. ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా మట్టానికి 8888, మోటారుకి 8889, టైముకి 8890, సంపుకి 8891 అని వేరువేరు పోర్టులు ఇచ్చాను. బాగానే నడిచింది. వాచ్‌మన్ అడిగాడని మెట్ల లైట్లకి ఐదో పోర్టు కలిపాను. అది మాత్రం పలకలేదు. ఎర్రరు లేదు, పొగ లేదు. పంపిన ప్యాకెట్టు పంపినట్టే గాలిలో కలిసిపోయింది.

పోర్టు నంబరుకి 16 బిట్లు. అంటే 0 నుంచి 65,535 దాకా ఉన్నాయి. అంత సంపదలో ఐదో నంబరుకి కరువేమిటి? కారణం వెతుక్కుంటూ పోతే యాభై ఏళ్ల వెనక్కి, ఇంటర్నెట్‌కి ముందుతరం నెట్‌వర్కు ఆర్పానెట్ రోజుల్లోకి వెళ్లి తేలాను.

పోర్టు అనగానే మన చెవికి విశాఖ రేవు వినిపిస్తుంది. ఈ పోర్టు ఆ రేవు కాదు, గుమ్మం. లాటిన్‌లో గుమ్మం పోర్టా, రేవు పోర్టుస్. అక్కాచెల్లెళ్ల లాంటి మాటలే గానీ ఇక్కడికి వచ్చింది గుమ్మమే. దానికంటే ముందు వాడిన మాట మాత్రం సాకెట్. 1970ల మొదట్లో ఆర్పానెట్‌లో యంత్రాలు మాట్లాడుకున్న పద్ధతి పేరు ఎన్‌సీపీ. ఒక కంప్యూటరులో పదిమంది పదిరకాల పనులు చేస్తుంటారు, వచ్చిన సందేశం ఎవరిదో తెలియాలి కదా. అందుకని ప్రతి కొసకీ 32 బిట్ల సాకెట్ నంబరు పెట్టారు. అయితే అప్పటి కనెక్షను వన్‌వే రోడ్డు. పంపడానికి ఒకటి, అందుకోవడానికి ఇంకొకటి కావాలి. అందుకే నంబర్లను జంటలుగా చీల్చారు: సరి సంఖ్య అందుకునేది, బేసి సంఖ్య పంపేది. కొత్తగా వచ్చినవాడు సర్వరు తలుపు తడితే, నువ్వు ఫలానా సాకెట్‌కి వెళ్లు అని సర్వరే ముందుగా ఒక నంబరు పంపేది. పంపేది కాబట్టి ఊరందరికీ తెలిసిన ఆ మొదటి తలుపు బేసి సంఖ్యే అయి తీరాలి.

ఆ బేసి తలుపులకి లెక్క రాసుకునేవాడు ఎవరు? 1972 మే నెలలో, కాలిఫోర్నియాలోని యూసీఎల్ఏలో చదువుకుంటున్న జాన్ పోస్టెల్ ఆర్ఎఫ్‌సీ 349 అనే చిన్న కాగితం రాశాడు. నంబర్లు పంచిపెట్టడానికి ఒక జార్ చక్రవర్తి లాంటివాడు ఉండాలని, ఆ పని బహుశా తానే చేయొచ్చేమోనని అందులో మొహమాటంగా సూచించాడు. మన ఊళ్లలో సర్వే నంబర్లకి కరణం ఉన్నట్టే అన్నమాట. కాకపోతే ఈ కరణం తనని తానే ప్రతిపాదించుకున్నాడు, ఎవరూ కాదనలేదు. 1 టెల్నెట్‌కి, 3 ఫైళ్ల బదిలీకి, 5 దూరం నుంచి పనులు పెట్టుకోవడానికి, 7 పంపింది పంపినట్టు తిప్పి కొట్టే ఎకోకి, 9 వచ్చింది వచ్చినట్టు పారేసే డిస్కార్డ్‌కి. ఆ తర్వాత టెల్నెట్ 23కి, ఫైళ్ల బదిలీ 21కి మారాయి. ఎకో, డిస్కార్డ్ మాత్రం ఇప్పటికీ 7, 9ల్లోనే కూర్చున్నాయి. నిద్రపోతున్న కంప్యూటర్ని నెట్‌వర్కు మీద నుంచి లేపే ప్యాకెట్టుని ఈనాటికీ చాలామంది యూడీపీ 9కే పంపుతారు. పారేసే గుమ్మంలోకి మేలుకొలుపు వెయ్యడం అనే ఈ తమాషా నాకు భలే నచ్చుతుంది. పోస్టెల్ 1998 అక్టోబరులో కన్నుమూసేదాకా ఆ కరణీకం వదల్లేదు.

రెండువైపులా నడిచే టీసీపీ వచ్చాక జంట నంబర్ల అవసరం పోయింది. 1974లో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ రాసిన పత్రంలో పోర్టు అనే మాట కనిపిస్తుంది. 1983 జనవరి 1న ఆర్పానెట్ మొత్తం కొత్త పద్ధతిలోకి మారింది. సరి సగాలు రాలిపోయాయి, బేసి సగాలు మిగిలాయి. 21, 23, 25, 53, 69, 79 అని పాత నంబర్లన్నీ బేసిగా ఉండటం వెనక ఇంత కథ ఉంది. లేని ఇంటికి మిగిలిన గడపలవి.

యూడీపీ పుట్టింది టీసీపీ మీద అలక నుంచి. మొదట్లో దారి చూపడం, పోయినదాన్ని మళ్లీ పంపడం అన్నీ టీసీపీ ఒక్కటే చేసేది. ప్యాకెట్ల మీద మనిషి గొంతు పంపే ప్రయోగాలు చేస్తున్న డానీ కోహెన్‌కి ఇది గిట్టలేదు. మాట్లాడే మాటలో ఒక ముక్క పోతే పోనీ, అర సెకను ఆలస్యంగా తెచ్చిస్తే దాన్నేం చేసుకోను అన్నది ఆయన బాధ. డేవిడ్ రీడ్ కూడా అదే వైపు వాదించాడు. 1978లో టీసీపీని రెండుగా చీల్చి, దారి చూపే పనిని ఐపీకి అప్పగించారు. ఏ హామీలూ అక్కర్లేనివాళ్లకి ఐపీ మీద ఒక పలచటి పొర చాలు. ఆ పొరే యూడీపీ. 1980 ఆగస్టు 28 తేదీతో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 768కి మూడు పేజీలు. రాసింది మన కరణమే. తలకట్టు మొత్తం 8 బైట్లు: పంపినవాడి పోర్టు, చేరాల్సిన పోర్టు, పొడవు, చెక్‌సమ్. ఆ చెక్‌సమ్ కూడా లెక్కగట్టే ఓపిక లేకపోతే సున్నా పెట్టుకోవచ్చు. నిజానికి ఇందులో ఐపీకి అదనంగా చేర్చిన అసలు సరుకు ఆ రెండు పోర్టు నంబర్లే.

ఒకే పనికి రెండు యూడీపీ పోర్టులు ఎందుకు కావాలో తేటగా చెప్పిన కాగితం 1985 సెప్టెంబరులో వచ్చింది. బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ రాసిన బూట్‌పీ, ఆర్ఎఫ్‌సీ 951. డిస్కు లేని యంత్రం కరెంటు రాగానే, నా అడ్రసేమిటి అని కేకేస్తుంది. సర్వరు 67లో వింటుంది, యంత్రం 68లో వింటుంది. ఒకటే పోర్టు చాలదా? చాలదు. అడ్రసే లేనివాడికి జవాబు కూడా కొన్నిసార్లు కేకగానే, అంటే బ్రాడ్‌కాస్ట్‌గానే ఇవ్వాలి. ఇద్దరిదీ ఒకటే పోర్టయితే ఆ జవాబు వినపడ్డ ప్రతిసారీ వీధిలో ఉన్న సర్వర్లన్నీ ఉలిక్కిపడి లేస్తాయి. 68కి పంపితే, దాని మీద చెవి పెట్టని యంత్రాల్లో అడుగు పొరే దాన్ని పక్కకి తోసేస్తుంది, పైనున్న ప్రోగ్రాముకి నిద్రాభంగం ఉండదు. పోనీ యంత్రం ఏదో ఒక నంబరు తానే ఎంచుకుంటే? కేక అందరికీ వినిపిస్తుంది కాబట్టి, అదే నంబరులో వింటున్న ఇంకెవడో తికమకపడతాడు. పోర్టు అంటే చిరునామా చివరి ముక్క అనుకుంటాం గానీ, బక్క యంత్రానికి అది అంతకుమించి జల్లెడ. బూట్‌పీ వారసుడు డీహెచ్‌సీపీ ఇప్పుడు మన ఇంటి రూటర్లో ఆ 67, 68లతోనే పనిచేస్తోంది.

ఈ గుమ్మాలన్నీ పెద్ద కంప్యూటర్లవి. జేబులో పట్టే చిప్పుకి ఇవి ఎక్కిన తోవలు రెండు. ఒకటి స్వీడన్‌లో ఆడమ్ డంకెల్స్ వేసింది. ఎల్‌డబ్ల్యూఐపీ, యూఐపీ అనే రెండు బుల్లి ప్రోగ్రాములతో 8 బిట్ల చిప్పు మీద కూడా టీసీపీ/ఐపీ నడుస్తుందని చూపించాడు. అక్కడ పోర్టు అంటే జ్ఞాపకంలో ఒక చిన్న చీటీ. ప్యాకెట్టు రాగానే చేరాల్సిన నంబరు చూసి, చీటీల్లో వెతికి, సంబంధించిన ఫంక్షన్ని పిలుస్తుంది. ఎల్‌డబ్ల్యూఐపీలో యూడీపీ చీటీలు మామూలుగా 4, ఒక లైను మారిస్తే 10.

రెండోది కొరియా కంపెనీ విజ్‌నెట్ తోవ. ప్రోగ్రామే అక్కర్లేకుండా టీసీపీ/ఐపీ అంతటినీ సిలికాన్‌లోనే పోత పోసింది. ఆర్డుయినో తొలి ఈథర్‌నెట్ షీల్డు మీద కూర్చున్న డబ్ల్యూ5100 అదే. దాంట్లో సాకెట్లు 4, జ్ఞాపకం 16 కేబీ. మామూలుగా ఒక్కో సాకెట్‌కి రాకకి 2 కేబీ, పోకకి 2 కేబీ. ఒక్కో యూడీపీ సాకెట్‌కి ఒక్క పోర్టు నంబరు రాసే చోటే ఉంటుంది. ఊనో ఏటీమెగా328పీలో ఉన్న ర్యామ్ 2 కేబీ. గుమాస్తా చేతిసంచి యజమాని ఇంటికి ఎనిమిదింతలన్నమాట. 1972లో పోస్టెల్ పంచిన నంబరు కాగితం మీద అంకె, దానికి ఖర్చు లేదు. ఆ నంబరు దగ్గర కూర్చుని వినడానికి మాత్రం జ్ఞాపకం కావాలి. మా ఐదో పోర్టు పలకనిది అందుకే. నంబరు దొరికింది, చెవి దొరకలేదు. లైబ్రరీలో పోర్టు తెరిచే బిగిన్ అనే పిలుపు సాకెట్ దొరక్కపోతే సున్నా తిప్పి ఇస్తుంది. నేను దాన్ని చూడనేలేదు.

సరే, 8 సాకెట్లున్న డబ్ల్యూ5500 షీల్డు తెచ్చి పెట్టాను. ఐదోది మళ్లీ పలకలేదు! ఈసారి చిప్పు తప్పు కాదు. ఆర్డుయినో ఈథర్‌నెట్ లైబ్రరీలో ఒక మూల రాసి ఉంది: బోర్డులో ర్యామ్ 2 కేబీకి మించకపోతే 4 సాకెట్లే వాడు. యజమాని ఇల్లు ఇరుకని గుమాస్తా సగం కుర్చీలు మడిచి పెట్టేశాడు.

ఇంకో చిప్పు ముచ్చట కూడా చెప్పాలి. మైక్రోచిప్ వారి ఈఎన్‌సీ28జే60కి టీసీపీ తెలియదు, యూడీపీ తెలియదు. వచ్చిన ఫ్రేముని 8 కేబీ బఫరులో పడేసి ఊరుకుంటుంది. మిగతాదంతా ప్రోగ్రామే చూసుకోవాలి. అందువల్ల చేరాల్సిన పోర్టు నంబరు ప్రోగ్రాము కళ్లెదుటే ఉంటుంది, పది పోర్టులైనా పది పోలికలే. డబ్ల్యూ5100 వైపు అలా కాదు. యూడీపీ ప్యాకెట్టు ముందు అది అతికించే 8 బైట్లలో పంపినవాడి ఐపీ, పంపినవాడి పోర్టు, పొడవు ఉంటాయి. చేరాల్సిన పోర్టు ఉండదు. ఏ చెవిలో పడిందో తెలుసు కాబట్టి అక్కర్లేదని దాని లెక్క. చదువుకున్న చిప్పుకి నాలుగు చెవులు, చదువురాని చిప్పుకి లెక్కలేనన్ని.

చివరికి మట్టం, సంపు, లైట్లు మూడిటినీ 8888లోకే తోసి, ప్యాకెట్టులో మొదటి అక్షరం చూసి ఏ పనో తేల్చుకునేలా రాశాను. అది కూడా ఒక రోజంతా సతాయించింది. లైబ్రరీ ఉదాహరణ నుంచి దింపుకున్న బఫరు 24 బైట్లే, నా సందేశం తోక తెగిపోతోంది. 64 చేశాక కుదిరింది. టైముకి 8890 అలాగే ఉంచాను. అక్కడ వచ్చే 48 బైట్ల జవాబు 1900 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతుంది, దాన్నుంచి 2,208,988,800 తీసేసి 1970కి దించుకోవాలి.

మోటారుని మాత్రం ఎవరితోనూ కలపలేదు. మట్టం అడిగే గోలలో ఆపమన్న మాట వెనకబడిపోతే మేడంతా నీళ్లే. దాని చెవి దానికే, దాని 2 కేబీ దానికే. పాత ఆర్పానెట్ లెక్కలో వినే గుమ్మానికి సరి సంఖ్య ఇవ్వాలి. మా మోటారు 8889లో వింటోంది.