ఎడారిలో వేడినీళ్ళు: జైజిక్స్ పూర్వోత్తరములు

వేడినీటి బుగ్గలు మనవారికి క్రొత్త కాదు. ఢిల్లీలో నౌకరీ చేయు తెలుగువారిలో బదరీయాత్ర చేసినవారందరును తప్తకుండమున మునిగియే యుందురు. రాజగిరిని, మణికరణ్‌ను చూచివచ్చినవారును మనలో గలరు. భద్రాచలము చెంత గుండాలలో గోదావరి యొడ్డున ఇసుక తవ్వినచో వేడినీరు ఊరునని చిన్ననాట మా నాయనగారు చెప్పగా వింటిని. ఇవన్నియు దేవుని పేరిట పారు నీళ్ళు. నేనిప్పుడు చెప్పబోవునది రేడియో ప్రకటనలతో, బస్సు సౌకర్యముతో, మందుల డబ్బాల అమ్మకముతో వ్యాపారముగా నడిచిన యొక ఉష్ణజల విహారమును గూర్చి. అది అమెరికాలోని మొహావీ ఎడారి నడుమ ముప్పది సంవత్సరములు నడిచినది. దాని చరిత్రలోని ముఖ్య విషయమును మొదటనే మనవి చేయుచున్నాను: అచ్చట సహజమైన వేడినీటి ఊట ఎన్నడును లేదు.

గత శీతకాలమున ఆర్జిత సెలవుపై సకుటుంబముగా అమెరికా వెళ్ళితిమి. మా బావమరిది లాస్ ఏంజెలిస్ నగర సమీపమున ఉద్యోగము చేయుచున్నాడు. అతని కారులో లాస్ వేగాసునకు పోవుచుండగా, బేకరు అను చిన్న యూరు ఇంకను కొన్ని మైళ్ళుండగనే, దారిప్రక్క ఒక పచ్చని పలక కనబడెను. ఇంగ్లీషు అక్షరములలో జడ్, జడ్, వై, జడ్, ఎక్స్, ఆ తరువాత రోడ్డు అను మాట. "పిల్లి కీబోర్డు మీద నడిచినట్టుంది నాన్నా" అని మా అమ్మాయి నవ్వెను. దానిని జైజిక్స్ అని పలుకవలెనట. మా బావమరిది కారును ఆ దారిని మళ్ళించెను.

నాలుగు మైళ్ళకు పైగా పోవలెను. కుడివైపున గడ్డిపోచయైన మొలవని కొండలు. ఎడమవైపున సోడా సరస్సు. సరస్సనుట పేరునకే. సంవత్సరములో చాల దినములు అది ఉప్పును, సోడాక్షారమును పేరుకొనిన తెల్లని మైదానము. సాన్ బెర్నార్డినో పర్వతములలో పుట్టిన మొహావీ నది సముద్రమునకు పోక, విముఖమై ఎడారిలోనికి తిరిగి, అధికభాగము ఇసుక క్రిందనే ప్రవహించి, తుదకు ఈ తెల్లని పళ్ళెములో అంతరించును. మన సరస్వతి అంతర్వాహిని అని పెద్దలు చెప్పుదురు. ఇచ్చట అంతర్వాహిని ప్రత్యక్షముగా గలదు. సరస్సునకు పడమటి అంచున, కొండ పాదమున, కొన్ని ఊటలు పైకి వచ్చుచున్నవి. వేడి లేదు గాని ఆ ఎడారిలో నీరనుటే గొప్ప.

కావుననే ఆ చోటికి చరిత్ర గలదు. కొలరాడో నది నుండి పశ్చిమ సముద్రతీరమునకు నడచిపోవు మొహావీ తెగవారికి, చెమెహువేవీ తెగవారికి ఇది తరతరముల మజిలీ. స్పెయిను దేశపు ఫాదరీ ఫ్రాన్సిస్కో గార్సెస్ 1776లో ఈ దారిననే నడచెను. 1826లో జెడిడయా స్మిత్ అను బొచ్చు వర్తకుడు ఇటుగా పోయి, కనబడుచు మాయమగుచు నుండు ఆ నదికి అస్థిర నది అని పేరు పెట్టెను. 1860లో అమెరికా సైన్యమువారు ఊటల కడ చిన్న మట్టికోట కట్టిరి. ఇరువదవ శతాబ్ది మొదట టోనోపా–టైడ్‌వాటర్ అను రైలుమార్గము ఈ సరస్సు అంచుననే పోయెను. కొంతకాలము సోడా తీయు వ్యాపారమును నడిచెను. రైలు 1940లో నిలిచిపోయి, యుద్ధకాలమున దాని పట్టాలు పెరికివేయబడెను. 1944 నాటికి ఊట, ఉప్పు, గాలి మాత్రము మిగిలియున్నవి.

ఆ సంవత్సరమున కర్టిస్ హౌ స్ప్రింగర్ అను నతడు వచ్చెను. 1896లో అలబామా రాష్ట్రమున జన్మించి, షికాగో ప్రాంతమున రేడియోలో ఆరోగ్యమును, దైవభక్తిని కలిపి ఉపన్యసించి పేరు గడించినవాడు. తన పేరునకు ముందు డాక్టరు అని వ్రాసికొనెడివాడు, వైద్యపట్టము లేదు. మతగురువుననెడివాడు, దీక్ష పొందినవాడు కాడు. అమెరికను వైద్యసంఘమువారు ఆతనిని నకిలీ వైద్యులకు రాజుగా నెంచిరి. తాను మాత్రము పాతకాలపు ఊరూరి మందులవారిలో కడపటివాడనని గర్వముగా చెప్పుకొనెడివాడు. ఆతడు తన భార్య హెలెనుతో వచ్చి సోడా స్ప్రింగ్స్ అను పాత పేరు తీసివేసి, జైజిక్స్ అను పేరు పెట్టెను. ఇంగ్లీషు భాషలో ఇదియే చిట్టచివరి మాట, ఆరోగ్య విషయమునను చివరి మాట మాదే, అని ఆతని భావము. మన అక్షరమాల తుదనున్న ఱకారముతో ఇట్టి పేరు కల్పింపబూనినచో కనీసము నోరు తిరుగు పేరైనను దొరకునేమో!

మొదట డేరాలు వేసెను. లాస్ ఏంజెలిసులో ఇల్లువాకిలి లేక వీథులలో పడియుండు మనుష్యులను బస్సులో తెచ్చి, తిండియు నీడయు ఇచ్చి, వారిచేత కాంక్రీటు కట్టడములు లేపించెను. అరువది గదుల హోటలు, ప్రార్థనామందిరము, రేడియో ప్రసంగములు రికార్డు చేయు గది, ఒక విమానపు దిగుడుపట్టు, దానికి జైపోర్టు అను ముద్దుపేరు. వీథికి స్వప్నవీథి అని పేరు. శిలువ ఆకారమున స్నానపు కొలను. చుట్టును తాటిజాతి చెట్లు నాటించి, ఊటనీటితో ఒక చెరువు త్రవ్వించెను. రేడియో విని వృద్ధులు బస్సులలో వచ్చెడివారు. ఎక్కువమంది కీళ్ళవాతమువారు. మేకపాలు, కూరగాయలు, ధ్వనివర్ధకములగుండ దినదినము ప్రవచనములు. చెల్లింపు నిర్ణయము లేదు. విరాళము మాత్రమే యనెడివాడు. డబ్బులేనివానిని పంపివేయలేదని కూడ చెప్పుదురు.

అయితే కొలనులోని నీరు వెచ్చగా నుండుట యెట్లు? బాయిలరు. కనబడకుండ నుంచిన బాయిలరుతో నీరు కాచి కొలనులోనికి విడిచెడివారు. వచ్చినవారు భూగర్భమునుండి పొంగిన ఖనిజజలమని తలచి మునిగెడివారు. ఇందులో చమత్కారమేమనగా, వెచ్చని నీట కొంతసేపు కూర్చుండినచో కీళ్ళనొప్పి కొంత తగ్గుట నిజము. నీరు శరీరభారమును మోయును, వెచ్చదనమునకు కండరములు సడలును. ఈ మేలు మన స్నానాల గదిలో కాగు కింద కట్టెలు పెట్టినను కలుగును. ఆతడు ఆ చిన్న నిజమును పెట్టుబడిగా పెట్టి పెద్ద అబద్ధములను అమ్మెను. జలప్రళయమునకు పూర్వపు తేనీరని ఒక పొడి. బట్టతలకు మోహెయిర్ అను లేపనము. మూలశంకకు ఇరువదియైదు డాలర్ల పెట్టె.

చెరువు గట్టున కూర్చుండి ఇది యంతయు చెప్పుచు మా బావమరిది, "ఏమన్నా అనండి బావగారూ, ముసలివాళ్ళు నాలుగు రోజులు సంతోషంగా ఉండి వెళ్ళేవాళ్ళు. ఎవరికి నష్టం?" అనెను. ఆతని పాలిట స్ప్రింగరు ఒక వినోదపాత్ర. నేను వెంటనే నవ్వలేకపోతిని. మా మేనమామ ఒకరు ఉపాధ్యాయుడుగా నుండి విశ్రాంతి తీసికొనిన పిమ్మట, మధుమేహమునకు ఇన్సులిను మాన్పించి జలచికిత్స చేయుదుమన్న యొక ఆశ్రమమున చేరెను. అచ్చటను చల్లని నీడ, భజన, ఆప్యాయమైన మాటలు కొదువ లేదు. ఆయన ఉత్తరములలో సంతోషమే వ్రాసెను. ఎనిమిది నెలలకు పాదము కుళ్ళి, మోకాలి క్రింద తీసివేయవలసివచ్చెను. ఆసుపత్రి మంచముపై నుండియు ఆయన ఆ ఆశ్రమమువారిని ఒక్క మాటయు అనలేదు. "పాపం, మంచివాళ్ళురా" అనెను. నేను ఈ సంగతి చెప్పగా మా బావమరిది మాటాడలేదు. మా ఆవిడ, "ఆ సంతోషమే గదా మామయ్యగారిని అక్కడ ఎనిమిది నెలలు కూర్చోబెట్టింది" అనెను.

ఇక సర్కారు వ్యవహారము. సచివాలయమున ఇరువది సంవత్సరములు ఫైళ్ళు త్రిప్పినవాడను గావున నా మనసు దానిమీదకే పోయెను. ఆ నేల స్ప్రింగరుది కాదు, కేంద్రప్రభుత్వమువారి బంజరు. 1872 నాటి గనుల చట్టము క్రింద ఆతడు 1944లో పన్నెండువేల యెనిమిదివందల యెకరములకు, అనగా ఇరువది చదరపు మైళ్ళకు, ఖనిజపు హక్కు కాగితము దాఖలు చేసెను. పడమటి రాష్ట్రములలో గడ్డపారయు గాడిదయు వెంటబెట్టుకొని బంగారము వెదకువానికొరకు చేసిన చట్టమది. ఖనిజము కనుగొనినవాడు గురుతులు పాతి, కాగితము వేసి, త్రవ్వుకొనవచ్చును. హోటలు కట్టుకొనవచ్చునని అందులో లేదు. మరి ఆ కాగితము ముప్పది సంవత్సరములెట్లు చెల్లెను?

కారణములు కొన్ని తోచుచున్నవి. దాఖలు చేసినది యుద్ధకాలమున. బంజరులను చూడవలసిన భూనిర్వహణ శాఖ అప్పటికి పుట్టనే లేదు. పాత భూముల కార్యాలయమును, మేతభూముల శాఖను కలిపి 1946లో దానిని ఏర్పరచిరి. రెండు కార్యాలయములు కలియునపుడు ఏ బీరువాలోని కాగితము ఏ బీరువాలోనికి పోవునో మన సోదరోద్యోగులకు నేను వివరింపనక్కరలేదు. 1955లో మరియొక చట్టము వచ్చి, గని హక్కు క్రింద నున్న నేలను గనిపనికి తప్ప వేరుపనికి వాడరాదని స్పష్టముగా నిషేధించినది. అప్పటికి జైజిక్స్ పదునొకండేండ్ల పల్లె. ఆ చట్టము తరువాతను ఇంకొక పందొమ్మిదేండ్లు అది అట్లే యుండెను. ఎడారిలో ఫిర్యాదు చేయు పొరుగువాడు లేడు. కష్టమేమనిన, ఫిర్యాదు లేనిచో ఫైలు కదలదు.

తుదకు కదలించినది స్ప్రింగరే. పెద్ద విరాళములిచ్చినవారికి ఇండ్లు కట్టుకొనుటకు ఆతడు స్థలములిచ్చుట మొదలుపెట్టెను. ప్రభుత్వపు నేల పంచిపెట్టుచున్నాడను మాట అధికారుల చెవినిబడెను. 1960ల చివర, తన ఆహారపదార్థములను గూర్చి అసత్య ప్రచారము చేసిన నేరముపై వేరొక కేసులో ఆతనికి అరువది దినముల శిక్ష పడెను. నలువదితొమ్మిది దినములుండి విడుదలయ్యెను. భూమి వ్యాజ్యము వేరుగా సాగి, 1974లో కేంద్ర మార్షలులు వచ్చి, ఆతనిని, ఆతని యొద్దనున్నవారిని ఖాళీ చేయించిరి. ఆ పనివారిలో ముసలివారై, పోదగు చోటులేనివారును ఉండిరి. వీథినుండి వచ్చినవారు మరల వీథికి. ఈ భాగము వద్ద నాకు స్ప్రింగరుపై గల కోపము కొంచెము చల్లారినదని ఒప్పుకొనవలెను. 1955లోనే ఒక అధికారి వచ్చి తలుపు తట్టియున్నచో ఇంతమంది వృద్ధాప్యమున మూటలు కట్టవలసివచ్చెడిది కాదు. ఆలస్యపు ఉత్తరువు న్యాయమైనదైనను దాని దెబ్బ తగులువాడు వేరుగా నుండును.

ఆ తరువాతి కథ మంచిది. 1976 నుండి కాలిఫోర్నియా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు ఆ కట్టడములలో ఎడారి పరిశోధనకేంద్రము నడుపుచున్నారు. 1994లో చుట్టుప్రక్కల నేలయంతయు మొహావీ జాతీయ సంరక్షితప్రాంతమైనది. స్నానశాల గోడలు పెచ్చులూడి నిలిచియున్నవి. గదులలో ఎండ పడుచున్నది. చెరువు మాత్రము నిండుగా నున్నది. గట్టున చెట్లున్నవి, నీటికోళ్ళున్నవి. ఆ చెరువులో ఒక చిత్రము గలదు. మొహావీ నదికి సహజమైన చేప ఒక్కటే. మొహావీ టూయి చబ్ అందురు. 1930ల ప్రాంతమున గాలమువేయువారు ఎరగా తెచ్చిన పరాయి చేపలు నదిలో కలిసి, సంకరమై, అసలు జాతి నది యంతటను నశించెను. ఈ ఊటలలో ఒక చిన్న మడుగున మాత్రము అది శుద్ధముగా మిగిలెను. 1970లో ప్రభుత్వము దానిని అంతరించుచున్న జీవులలో చేర్చెను. రోగులను మభ్యపెట్టుటకు స్ప్రింగరు త్రవ్వించిన చెరువే నేడు దానికి ముఖ్యాశ్రయములలో నొకటి. మా అమ్మాయి గట్టున బోర్లపడుకొని చేప కనబడునేమోయని చూచెను. నీటిలో చేయి పెట్టి, "చల్లగా ఉన్నాయి!" అని తీసికొనెను.

స్ప్రింగరు 1985లో లాస్ వేగాసునందు మరణించెను. దానికి ముందు సంవత్సరము, 1984లో, భూస్థలముల పేర్లను నిర్ణయించు అమెరికా ప్రభుత్వపు మండలివారు, ఆతడు కల్పించిన జైజిక్స్ అను పేరును అధికారిక నామముగా ఆమోదించి జాబితాకెక్కించిరి. మనిషిని పంపివేసిన సర్కారే ఆతని పేరును ఉంచుకొనెను. ఆ ఉత్తరువు పైన సంతకము పెట్టిన అధికారి ముఖమున నవ్వు మొలచియుండునా అని ఆలోచించుచు కారెక్కితిని. బేకరులో కాఫీ దొరకెను. 1913లో మృత్యులోయలో నమోదైన నూటముప్పదినాలుగు డిగ్రీల ఫారెన్‌హీటు ఉష్ణోగ్రతకు గురుతుగా నూటముప్పదినాలుగడుగుల ఎత్తుగల ఉష్ణమాపకము ఆ యూరిలో నిలిపియున్నారు. మేము పోయిన నాడు దానిపై యాబదియెనిమిది కనబడుచుండెను. మా ఆవిడ శాలువ కప్పుకొనెను.